విదేశంలో ఉండగా ఇక్కడి బ్యాంకు నుంచి పెద్ద మొత్తం తెప్పించుకోవడం ఎలా

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో, గల్ఫ్‌లోనో స్థిరపడిన తెలుగువారికి ఇక్కడి ఖాతాలోని సొమ్ము పెద్ద మొత్తంలో, అదీ కొద్ది రోజుల్లోనే కావలసి వచ్చే సందర్భాలు ఉంటాయి. ఇల్లు కొనేటప్పుడు చేతి నుంచి కట్టవలసిన వాటా, పిల్లల ఫీజు, ఆసుపత్రి ఖర్చు, ఉద్యోగం పోయి మరొకటి దొరికేదాకా ఇల్లు గడవవలసిన నెలలు ఇటువంటివే. అప్పుడు చాలామంది ఖాతాలో నిల్వ ఎంత ఉందో చూసుకుని ధైర్యపడతారు. బ్యాంకు మాత్రం ఆ ఖాతా ఏ తరగతిది, ఖాతాదారు విదేశీ మారక ద్రవ్య చట్టం లెక్కలో నివాసియా ప్రవాసియా, ఆ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది అన్న మూడు సంగతులు చూస్తుంది. ఈ మూడింటికీ కాగితాల మీద జవాబు సిద్ధంగా ఉన్నవారికి యాభై లక్షలు పంపడం కూడా మామూలు పనే, లేనివారికి అయిదు లక్షలు కూడా నెలల తరబడి కదలవు.

నోట్ల సంగతి ముందుగా చెప్పుకుని పక్కన పెడదాం. ఏటీఎం చిన్న అవసరాలకే పనికివస్తుంది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2020 మార్చి 16 తరువాత జారీ అయ్యే కార్డులు మొదట దేశంలో మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్ని ఖాతాదారే యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో తెరుచుకోవాలి. తెరుచుకున్నా ఇక్కడి బ్యాంకు పెట్టిన రోజువారీ పరిమితి ఒకటి, అక్కడి యంత్రం పరిమితి ఇంకొకటి ఉంటాయి గనుక ఏది తక్కువైతే అంతే చేతికి వస్తుంది. ప్రతిసారీ రుసుము, మారకపు రేటు మీద అదనపు శాతం పడతాయి. తెర మీద రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని, స్థానిక కరెన్సీలోనే తీసుకోవాలి. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. న్యూయార్క్‌లోనో లండన్‌లోనో స్టేట్ బ్యాంక్ బోర్డు చూసి లోపలికి వెళ్లి, తెనాలి శాఖలోని డబ్బు ఇమ్మని అడిగితే ఇవ్వరు. అక్కడి శాఖలు అక్కడి చట్టాల కింద, వేరే ఖాతాలతో నడుస్తాయి. ఇక చేతిలో పట్టుకెళ్దామంటే, ఇక్కడి నుంచి బయలుదేరే నివాసి చాలా దేశాలకు ఒక్కో ప్రయాణంలో 3,000 డాలర్లకు మించి విదేశీ నోట్లు తీసుకువెళ్లకూడదు. మిగిలినది ఫారెక్స్ కార్డులోనో బ్యాంకు బదిలీగానో వెళ్లవలసిందే.

కాబట్టి పెద్ద మొత్తానికి దారి ఒక్కటే. ఇక్కడి ఖాతా నుంచి స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు చెల్లింపు సందేశాలు పంపుకునే వ్యవస్థ) ద్వారా అక్కడి మీ ఖాతాకు సొమ్ము చేరాలి, నగదు కావాలంటే ఆ తరువాత అక్కడే తీసుకోవాలి.

ఖాతా ఏ తరగతిదో తేల్చుకోవడం

ఉద్యోగానికి గానీ, వ్యాపారానికి గానీ, చదువుకు గానీ దేశం విడిచినవారు విదేశీ మారక చట్టం దృష్టిలో ప్రవాసులు. వెళ్లేముందు వాడుకున్న మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాసికి ఇక్కడ వచ్చే సొమ్ము జమ అయ్యే ఖాతాగా మార్పించాలి. ఏళ్లు గడిచినా మార్పించనివారు మనలో ఎందరో ఉన్నారు. పచారీ సామాను బిల్లు కట్టినన్నాళ్లూ ఎవరూ అడగరు. నలభై లక్షలు బయటికి పంపమన్న రోజున బ్యాంకు వీసా ప్రతి, విదేశీ చిరునామా రుజువు అడుగుతుంది, అసలు చిక్కు అప్పుడు బయటపడుతుంది. అలాంటి ఖాతా ఉన్నవారు అవసరం రాకముందే మార్పించుకోవడం మంచిది.

విదేశంలో సంపాదించి పంపిన డబ్బు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఉంటే పని తేలిక. అసలు, వడ్డీ రెండూ పరిమితి లేకుండా, పన్ను కాగితాలు లేకుండా తిరిగి బయటికి వెళ్లవచ్చు. చాలా బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగ్ నుంచే పంపవచ్చు, ఆన్‌లైన్ పరిమితి దాటితే శాఖకు దరఖాస్తు పంపాలి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్టును ఏడాది నిండకుండా రద్దు చేస్తే వడ్డీ రాదు. గడువు దగ్గరపడిన డిపాజిట్టు ఉన్నవారు దాన్ని విరిచే ముందు, దాని మీద అప్పు తీసుకుంటే ఎంత పడుతుందో బ్యాంకును అడిగి పోల్చుకోవాలి.

పొలం, ప్లాటు, వారసత్వం: ఎన్‌ఆర్‌ఓ సొమ్ము

మన ప్రాంతంలో పెద్ద మొత్తాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. గుంటూరు జిల్లాలో తాతగారి పొలం అమ్మినా, హైదరాబాద్ శివారులో ప్లాటు అమ్మినా, తండ్రి తదనంతరం డిపాజిట్లు వచ్చినా, అద్దెలు పోగైనా ఆ సొమ్ము ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకే చేరాలి. అద్దె, వడ్డీ, డివిడెండు వంటి ఆదాయం పన్ను కట్టాక పరిమితి లేకుండా పంపవచ్చు. ఆస్తి అమ్మకం, వారసత్వం వంటివన్నీ కలిపి ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. ఎన్‌ఆర్‌ఓ నుంచి సొంత ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు మార్చుకున్నా ఇదే పరిమితి, ఇవే కాగితాలు. తొందర లేని రోజుల్లోనే ఈ మార్పిడి చేసి ఉంచుకుంటే, తరువాత ఏ అర్ధరాత్రి అవసరం వచ్చినా ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడనక్కరలేదు. ఎన్‌ఆర్‌ఓలో సొమ్ము ఊరికే ఉంచుకున్నవారందరికీ నేనిచ్చే మొదటి సలహా ఇదే.

కాగితాల్లో ముఖ్యమైనవి 15సీఏ, 15సీబీ. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి చట్టం వచ్చింది గనుక ఫారాల నంబర్లను బ్యాంకుతో సరిచూసుకోవాలి. అందరి నోటా ఉన్న పాత పేర్లే ఇక్కడ వాడుతున్నాను. 15సీబీ అంటే ఈ సొమ్ము మీద పన్ను కట్టారనో, పన్ను పడదనో చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే ధ్రువపత్రం. దాన్ని ఆయన తన డిజిటల్ సంతకంతో పన్ను పోర్టల్‌లో ఎక్కించాక, దాని ఆధారంగా ఖాతాదారు తన ప్రకటన అయిన 15సీఏ దాఖలు చేసి, రెండింటి ప్రతులనూ ఏ2 ఫారంతో (విదేశానికి సొమ్ము పంపమని బ్యాంకుకు ఇచ్చే దరఖాస్తు) కలిపి బ్యాంకుకు ఇవ్వాలి. పన్ను పడే సొమ్ము ఏడాదిలో 5 లక్షలు దాటకపోతే సీఏ ధ్రువపత్రం చట్ట ప్రకారం అక్కరలేదు, అయినా అడిగే శాఖలు లేకపోలేదు.

పోర్టల్ దగ్గర ఆగిపోయే ప్రవాసులు ఎక్కువ. ఆధార్‌తో ముడిపడని పాన్‌లు 2023 జూన్ 30 గడువు తరువాత నిష్క్రియమయ్యాయి. ప్రవాసులకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉన్నా, పన్ను శాఖ రికార్డులో నివాసి అనే ఉండిపోయినవారి పాన్‌లు కూడా వాటితో పాటే నిలిచిపోయాయి. పాస్‌పోర్టు, వీసా ప్రతులతో నివాస స్థితిని సరిచేయించుకోవాలి. దీనికి పట్టే రోజులను ముందే లెక్కలో వేసుకోవాలి.

ఆస్తి అమ్మేవారు కాగితాల పని అమ్మకానికి ముందే మొదలుపెట్టాలి. అమ్మేది ప్రవాసి అయితే కొన్నవారు పన్ను మినహాయించుకున్నాకే డబ్బు ఇవ్వాలి. నివాసులకు వర్తించే 1 శాతం ఇక్కడ పనికిరాదు. 2024 జూలై 23 తరువాత జరిగిన అమ్మకాల్లో దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు ఉంటాయి. లాభం ఎంతో కొనేవారికి తెలియదు గనుక మొత్తం ధర మీదే కోస్తారు. కోటి రూపాయల ప్లాటు మీద అసలు లాభం ముప్పై లక్షలే అయినా కోటి మీదే కోత పడి, మిగతాది రిటర్ను వేసి వాపసు వచ్చేదాకా ఆగవలసి వస్తుంది. ఇది తప్పించుకోవాలంటే తక్కువ మినహాయింపు ధ్రువపత్రానికి పన్ను అధికారికి ముందే దరఖాస్తు పెట్టాలి. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఆ అవకాశం ఉండదు.

పల్లెల్లోని వ్యవసాయ భూమి పన్ను చట్టంలో మూలధన ఆస్తి కాదు, దాని అమ్మకం మీద లాభపు పన్ను లేదు. కానీ అది పట్టణ పరిధికి బయట ఉన్న సాగు భూమేనని రుజువు చేసే భారం మీదే. పట్టాదారు పాసుపుస్తకం, తహసీల్దారు ధ్రువపత్రం, అమ్మకపు దస్తావేజు సీఏ చేతికి ఇవ్వాలి. ప్రవాసులు సాగు భూమి కొనలేరు గాని వారసత్వంగా పొందవచ్చు; అమ్మేటప్పుడు మాత్రం ఇక్కడి నివాసికే అమ్మాలి. వారసత్వపు సొమ్ముకు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వీలునామా ఉంటే దాని ప్రతి అదనం.

ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారే ధర మరొకటిగా బేరాలు జరగడం మన దగ్గర కొత్త కాదు. అలా నగదుగా పుచ్చుకున్న భాగం చట్టబద్ధంగా ఏ బ్యాంకు ద్వారానూ సముద్రం దాటదు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడమే పన్ను చట్టం నిషేధించింది. డబ్బు బయటికి తీసుకువెళ్లాలనుకునే ప్రవాసి మొత్తం ధర దస్తావేజులో రాయించుకుని బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. స్టాంపు సుంకం పెరుగుతుందని కొనేవారు గునిసినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకూడదు.

అమ్మానాన్నల ఖాతా నుంచి పంపించుకోవడం

సొమ్ము ఇక్కడ నివసించే తల్లిదండ్రుల పేరున ఉంటే ఎల్‌ఆర్‌ఎస్ అనే వేరే పథకం వర్తిస్తుంది. ఒక్కొక్క నివాసి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. తల్లి, తండ్రి వేర్వేరుగా పంపితే 5 లక్షల డాలర్లు అవుతుంది. మార్చి నెలాఖరులో సగం, ఏప్రిల్ మొదట్లో సగం పంపితే రెండు సంవత్సరాల పరిమితులూ కలిసివస్తాయి. ఏ2 ఫారం, పాన్, పంపే కారణం రాయాలి. ఆ సొమ్ము ఎలా వచ్చిందో చూపే ఏడాది స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు కూడా బ్యాంకు అడగవచ్చు.

పెద్దవారిని హడలగొట్టేది టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక పాన్ మీద ఏడాదిలో అన్ని బ్యాంకుల ద్వారా పంపినది 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద పంపిన కారణాన్ని బట్టి బ్యాంకు పన్ను వసూలు చేస్తుంది. కొడుకుకు కానుకగా 30 లక్షలు పంపితే దాటిన 20 లక్షల మీద 20 శాతం, అంటే 4 లక్షలు కట్టాలి. ఖాతాలో 30 లక్షలు ఉంటే సరిపోదు, 34 లక్షలు ఉండాలి. ఇది నష్టపోయే డబ్బు కాదు. తండ్రిగారి రిటర్నులో ఆయన కట్టవలసిన పన్నుకు సర్దుబాటై, మిగిలినది వాపసు వస్తుంది, కాకపోతే నెలలు పడుతుంది. చదువుకు, వైద్యానికి ఈ శాతం బాగా తక్కువ, గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన విద్యారుణం నుంచి పంపే ఫీజుకు అసలే లేదు. అందుకే ఫీజు పంపేటప్పుడు కారణం దగ్గర కానుక అనో కుటుంబ పోషణ అనో రాయకుండా చదువు అనే రాయించి, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఫీజు పత్రం జతచేయాలి. ఎల్‌ఆర్‌ఎస్ నివాసులకే పరిమితం గనుక ప్రవాసి తన ఎన్‌ఆర్‌ఓ నుంచి పంపుకునే సొమ్ము దీని కిందికి రాదు.

అమెరికాలో పుచ్చుకునేవారి వైపు ఒక బాధ్యత ఉంది. అక్కడి పన్ను లెక్కలో నివాసి అయినవారు విదేశంలోని వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి కానుకగానో వారసత్వంగానో పొందితే అక్కడి పన్ను శాఖకు 3520 ఫారం వేయాలి. పన్ను ఉండదు గాని వేయకపోతే జరిమానా కానుక విలువలో 25 శాతం దాకా పోతుంది. ఇక్కడి ఖాతాలన్నింటిలోని నిల్వ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వేరే వేయాలి.

రేటు, రుసుములు, పేర్లు

పంపే ముందు జీఎస్టీ ఎంత, కమీషను ఎంత అని బేరమాడేవారు అసలు ఖర్చును చూడరు. డాలరు మార్కెట్ రేటు 90 రూపాయలు అనుకుని 45 లక్షలు పంపే లెక్క చూద్దాం. మారకం మీద జీఎస్టీ శ్లాబు ప్రకారం, 10 లక్షలు దాటిన మొత్తానికి 5,500 రూపాయలు, దాటిన దాని మీద 0.1 శాతం కలిపి విలువ కడతారు. ఇక్కడ అది 9,000. దాని మీద 18 శాతం అంటే 1,620 రూపాయలు. బ్యాంకు మాత్రం డాలరును 91.20కి అమ్మితే 50,000 డాలర్ల మీద 60,000 రూపాయలు చడీచప్పుడు లేకుండా పోతాయి. బ్యాంకు వెబ్‌సైటులో కనిపించేది కార్డు రేటు, చిన్న మొత్తాలకు అదే వేస్తారు. పెద్ద మొత్తానికి శాఖ మేనేజరును ట్రెజరీ (బ్యాంకులో విదేశీ మారకం చూసే విభాగం) నుంచి డీల్ రేటు, అంటే ఆ ఒక్క లావాదేవీకి ఇచ్చే ప్రత్యేక రేటు అడగమనాలి. ఇంకో బ్యాంకు ఇచ్చిన రేటు చేతిలో ఉంచుకుని అడిగితే తగ్గుతుంది. యాభై పైసలు తగ్గినా ఈ లెక్కలో 25,000 రూపాయలు మిగులుతాయి. రేటు ఖాయం చేసే వేళకు అమెరికా తూర్పు తీరంలో నడిరాత్రి అవుతుంది గనుక ఈమెయిలులో ముందే అంగీకారం రాసిపెట్టాలి.

రుసుములు ఎవరు భరించాలన్న గడి ఏ2 ఫారంలోనో దరఖాస్తులోనో ఉంటుంది. ఫీజు, ఇంటి చెల్లింపు వంటివి పైసా తగ్గకుండా చేరాలంటే అన్ని రుసుములూ పంపేవారివే అని గుర్తు పెట్టాలి. లేకపోతే మధ్యలోని బ్యాంకులు తలా కొంత కోసుకుని, ఇరవై ముప్పై డాలర్లు తక్కువైందని విశ్వవిద్యాలయం ఫీజు అందలేదని రాస్తుంది. అమెరికా ఖాతాకు తొమ్మిదంకెల రూటింగ్ నంబరు, గల్ఫ్‌కు, ఐరోపాకు ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా సంఖ్య) తప్పనిసరి.

మన పేర్లతో వచ్చే తంటా వేరు. ఇక్కడి పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది; పాస్‌పోర్టులో అదే పూర్తిగా విప్పి ఉంటుంది; అక్కడి ఖాతాలో వెనక్కి వెళ్లిపోతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవారికి అమెరికా కాగితాల్లో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అనే మొదటి పేరు తగులుకుంటుంది. పంపే దరఖాస్తులో అక్కడి బ్యాంకు స్టేట్‌మెంటు మీద ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఇక్కడి ఖాతాలో పేరు వేరుగా ఉంటే ఇద్దరూ ఒకరేనని పాస్‌పోర్టు ప్రతి జతచేయాలి.

ఓటీపీ కోసం ఇక్కడి సిమ్ బతికి ఉండాలి. రీచార్జి చేయక నంబరు పోయి అది ఇంకొకరి చేతికి వెళ్లాక బ్యాంకులో నంబరు మార్పించడం, అదీ విదేశం నుంచి, విసుగు పుట్టించే పని. ఇక్కడ ఎవరికైనా అధికారం ఇవ్వాలనుకుంటే పవర్ ఆఫ్ అటార్నీని భారత రాయబార కార్యాలయంలో గానీ, అక్కడి నోటరీ తరువాత అపోస్టిల్‌తో (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) గానీ ధ్రువపరచి పంపి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ అధికారం ఉన్నవారు బయటికి పంపగలిగేది మీ సొంత ఖాతాకే. మీ తరఫున వేరొకరికి కానుకలు పంపలేరు.

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే బేరాలు

విదేశాల్లోని తెలుగు గ్రూపుల్లో "మీరు ఇక్కడ డాలర్లు ఇవ్వండి, మేము అక్కడ మీవాళ్ల ఖాతాలో రూపాయలు వేస్తాం" అనో, దానికి తిరగేసో సందేశాలు తరచు కనిపిస్తాయి. తెలిసినవారి మధ్యే జరిగినా ఇది విదేశీ మారక చట్టానికి విరుద్ధం, జరిమానా మొత్తానికి మూడు రెట్ల దాకా ఉంటుంది. అంతకన్నా దగ్గరి ముప్పు ఇంకొకటుంది. మీవాళ్ల ఖాతాలో పడిన రూపాయలు ఏ సైబర్ మోసంలోనో దోచినవైతే ఆ ఖాతాను పోలీసులు స్తంభింపజేస్తారు, అప్పుడు ఎక్కడో వేరే రాష్ట్రంలోని స్టేషను చుట్టూ తిరగవలసినవారు మీ అమ్మానాన్నలే.

సొమ్ము చేరాక

అమెరికాలో ఇల్లు కొనేవారు సొమ్మును కొనుగోలు పూర్తయ్యే తేదీకి కనీసం రెండు నెలల ముందే తెప్పించుకుంటే మేలు. రుణమిచ్చే సంస్థలు సాధారణంగా చివరి రెండు నెలల స్టేట్‌మెంట్లు అడిగి, కొత్తగా పడ్డ పెద్ద మొత్తం ఎక్కడిదని ప్రశ్నిస్తాయి. తల్లిదండ్రులు పంపినదైతే తిరిగి ఇవ్వనక్కరలేని కానుకే అని వారి సంతకంతో లేఖ కావాలి. చెల్లింపుకు నోట్లు ఎవరూ తీసుకోరు, క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే తన పేరున ఇచ్చే చెక్కు) గానీ వైరు (బ్యాంకు బదిలీ) గానీ అడుగుతారు. వైరు వివరాలు ఈమెయిలులో మారాయని వస్తే నమ్మకుండా, మొదట ఇచ్చిన ఫోను నంబరుకే చేసి సరిచూసుకోవాలి. నిజంగానే నగదు కావాలంటే శాఖకు ముందుగా చెప్పి తీసుకోవచ్చు. 10,000 డాలర్లు దాటితే బ్యాంకు ప్రభుత్వానికి నివేదిస్తుంది, అందులో తప్పేమీ లేదు. ఆ నివేదిక తప్పించుకోవాలని తొమ్మిదేసి వేలుగా విడగొట్టి తీయడమే అక్కడ నేరం.

సొమ్ము ఇక్కడ ఖాతాలో తగ్గి, వారం గడిచినా అక్కడ చేరకపోతే పంపిన శాఖను స్విఫ్ట్ సందేశం ప్రతి, అందులోని 36 అక్షరాల యూఈటీఆర్ సంఖ్య అడగాలి. ఆ సంఖ్యతో సొమ్ము ఏ మధ్య బ్యాంకు దగ్గర ఆగిందో కనుక్కోవచ్చు. ఎక్కువసార్లు అది పేరు తేడా దగ్గరో, చెల్లింపు కారణం సరిగా రాయని చోటో ఆగి, వివరణ కోసం చూస్తూ ఉంటుంది. వివరణ వెళ్తే కదులుతుంది, వెళ్లకపోతే రుసుములు కోసుకుని అప్పటి రేటుకు వెనక్కి వస్తుంది. తొందరపడి రెండోసారి పంపితే మొదటిది కూడా చేరి, ఏడాది పరిమితిలో రెండింతలు ఖర్చవుతుంది. అందుకని మొదటిది వెనక్కి వచ్చి ఖాతాలో జమ అయ్యాకే రెండో దరఖాస్తు ఇవ్వాలి.